క్లిప్పులు లేకుండా పళ్ళు సరిచేసుకోవచ్చా? మీ ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

పళ్ళ వరస గురించి ఏ సందేహమున్నా రాయమని అడిగితే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందులో సగానికి పైగా ఒకటే మాట: "క్లిప్పులు తప్ప వేరే దారి లేదా?" దారులు చాలానే ఉన్నాయి. కానీ ఏ దారి ఎవరికి అన్నది పన్ను ఎటు, ఎంత కదలాలన్న దాన్ని బట్టి తేలుతుంది. పైకి కనపడుతుందా లేదా అన్నది రెండో విషయం. అందుకే ఒక్కొక్కరికీ విడిగా, వీలైనంత వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పై వరసలో ముందు పళ్ళు రెండు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, కింద కూడా కాస్త ఇరుకే. చిన్నప్పుడు క్లిప్పులు వేయిస్తామంటే నేనే ఏడ్చి వద్దన్నాను. ఇప్పుడు పెళ్ళి కుదిరింది, ముహూర్తానికి ఎనిమిది నెలల టైముంది. కనపడని అలైనర్లు పెట్టుకుంటే అప్పటికి సరైపోతాయా? అమ్మేమో "పెళ్ళయ్యాక చూసుకోవచ్చులే" అంటోంది.
— ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ముందు పెళ్ళి శుభాకాంక్షలమ్మా. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఓ మోస్తరు ఇరుకులాగే ఉంది, అలైనర్లకు బాగా లొంగే రకం. నోరు చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, కొద్దిపాటి ఇరుకైతే ఆరు నుంచి తొమ్మిది నెలల్లో సర్దుకోవచ్చు, అంతకన్నా ఎక్కువుంటే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ముహూర్తం నాటికి మొత్తం పూర్తి కాకపోయినా ఫొటోల్లో తేడా తెలిసేంత మార్పు వచ్చే అవకాశం ఉంది. కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. పెళ్ళినాడు కొన్ని గంటలు తీసేసి పెట్టుకోవచ్చు, రాత్రికి మళ్ళీ తొడుక్కోవాలి.

అలైనర్ అంటే మీ పళ్ళ అచ్చుకు సరిగ్గా సరిపోయేలా చేసిన పలుచని, పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు. ఒకటి కాదు, వరసగా చాలా చేస్తారు. ఒక్కో తొడుగూ పన్నును సుమారు పావు మిల్లీమీటరు జరుపుతుంది, వారానికో రెండు వారాలకో తర్వాతిది వేసుకుంటారు. ఇంత నెమ్మదిగా ఎందుకంటే పన్ను అనేది గోడలో కొట్టిన మేకులా ఎముకలో బిగుసుకుపోయి ఉండదు, చుట్టూ సన్నని నారలాంటి పొర ఉంటుంది. పన్ను మీద మెల్లగా ఒత్తిడి పెడితే అది జరిగే వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక కడుతుంది. ఈ పని చేసేది శరీరంలోని కణాలే, వాటి వేగానికి మించి తోస్తే నొప్పి, పంటి వేళ్ళు అరిగిపోవడం తప్ప లాభం ఉండదు. తీగలైనా తొడుగులైనా ఈ సూత్రం ఒక్కటే. ఈ తొడుగులకు పేరు తెచ్చిన ఇన్విజలైన్ బ్రాండును తయారుచేసే అలైన్ టెక్నాలజీ కంపెనీని 1997లో కాలిఫోర్నియాలో స్థాపించారు, మరుసటి ఏడాదే అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. ఇప్పుడు మన దేశంలోనూ తయారుచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

"కనపడని" అన్న మాట గురించి ఒక విషయం. చాలా కేసుల్లో కొన్ని పళ్ళ మీద పన్ను రంగులోనే చిన్న చిన్న బొడిపెలు అతికిస్తారు, వాటిని అటాచ్‌మెంట్లు అంటారు. తొడుగు ఆ బొడిపెను పట్టుకునే పన్నును తిప్పుతుంది. దగ్గరనుంచి చూస్తే అవి తెలుస్తాయి. చోటు కోసం పళ్ళ మధ్య ఎనామెల్‌ను, అంటే పంటి గట్టి పైపొరను, మిల్లీమీటరులో పావు వంతో సగమో అరగదీయడం కూడా మామూలే. సరిగా చేస్తే హాని లేదు, కానీ ఈ రెండూ మొదటి రోజే మీకు చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి.

ఇక అసలు పరీక్ష మీ ఆఫీసులో ఉంది. రోజుకు 20 నుంచి 22 గంటలు అలైనర్లు నోట్లోనే ఉండాలి. మిగిలిన రెండు నుంచి నాలుగు గంటల్లోనే టిఫిన్, లంచ్, రాత్రి భోజనం, బ్రష్షింగ్ అన్నీ అయిపోవాలి. చాయ్ తాగాలంటే తీయాలి, ఎందుకంటే వేడికి ప్లాస్టిక్ వంగుతుంది, రంగు పడుతుంది, చక్కెర లోపల చిక్కుకుని పళ్ళు పుచ్చుతాయి. హైదరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగమంటే రోజుకు నాలుగైదు చాయ్‌లు, ఒక్కోదానికీ పావుగంట ముచ్చట, మధ్యలో ఎవరో ఒకరు ఉస్మానియా బిస్కెట్లు తెస్తారు. ఇలా తీసిన ప్రతిసారీ టైము పోతుంది. పదహారు గంటలే పెట్టుకునేవాళ్ళకు తర్వాతి తొడుగు సరిగ్గా కూర్చోదు, పళ్ళు ఒకచోట, తొడుగు ఒకచోట అయిపోతాయి. చాయ్‌ని రోజుకు రెండుకు తగ్గించి, వాటిని టిఫిన్‌తో, లంచ్‌తో కలిపేసుకోగలిగితే మీకు అలైనర్లు పనిచేస్తాయి. మంచినీళ్ళు మాత్రం పెట్టుకునే తాగొచ్చు.

ఇంకోటి, క్యాంటీన్‌లో తీసినప్పుడు టిష్యూ పేపర్లో చుట్టి ప్లేటు పక్కన పెట్టకండి. తినడం అయ్యాక ప్లేటుతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది, అలైనర్లు పోయాయని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చెప్పే కథ ఇదే. డబ్బీ ఎప్పుడూ బ్యాగులో ఉండాలి. కడగడం చల్లని నీళ్ళతోనే. పాత సెట్టు పారేయకుండా దాచుకోండి, కొత్తది పోతే డాక్టర్ చెప్పేదాకా అదే దిక్కు.

అమ్మగారికి చెప్పండి, పెళ్ళయ్యాక ఊరు మారొచ్చు, ఇల్లు మారొచ్చు, డాక్టర్ మారాల్సి రావొచ్చు. ఒకవేళ మీరు వేరే ఊరు వెళ్ళేలా ఉంటే ఆ సంగతి మొదలుపెట్టకముందే మీ డాక్టర్‌కు చెప్పి, మీ స్కాన్లు, ప్లాన్ కాపీ తీసుకునేలా మాట్లాడుకోండి.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, పిల్లల చదువుల కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాం. మా బాబుకు 15 ఏళ్ళు. పళ్ళ మీద ఫ్లోరైడ్ మచ్చలున్నాయి, పైగా వంకరగా ఉంటాయి. క్లిప్పులు వేయిస్తే నెల తిరక్కుండానే రెండు మూడు ఊడిపోతున్నాయి. వెళ్ళినప్పుడల్లా అతికిస్తున్నారు, మళ్ళీ ఊడుతున్నాయి. వాడేమో అలైనర్లు కావాలంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ ఉత్తరం చదివి బాధనిపించింది, ఎందుకంటే ఇది మీ బాబు తప్పూ కాదు, చాలాసార్లు డాక్టర్ తప్పూ కాదు. నల్లగొండ నీళ్ళ సంగతి మన రాష్ట్రంలో తెలియనిదెవరికి? పిల్లలకు ఎనిమిదేళ్ళు వచ్చేలోపు, చిగురు లోపల పళ్ళు తయారయ్యే రోజుల్లో, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఎనామెల్ సరిగ్గా గట్టిపడదు. అదే ఆ తెల్లటి, గోధుమరంగు మచ్చలు. పళ్ళు వచ్చేశాక తాగే నీళ్ళ వల్ల కొత్త మచ్చలు రావు.

క్లిప్పు అతికించాలంటే ముందు పన్ను మీద యాసిడ్ జెల్ రాసి, ఎనామెల్‌లో కంటికి కనపడని సన్నని గుంతలు చేస్తారు. ఆ గుంతల్లోకి జిగురు దిగి పట్టుకుంటుంది. ఫ్లోరోసిస్ (ఈ ఫ్లోరైడ్ మచ్చల జబ్బు) ఉన్న ఎనామెల్ పైపొర యాసిడ్‌కు అంత తేలిగ్గా లొంగదు, జిగురు లోతుగా దిగదు, సకినం కొరికినా క్లిప్పు ఊడొస్తుంది. దీనికి మార్గాలున్నాయి: పైపొరను సన్నగా గరుకు చేయడం, జెల్ ఎక్కువసేపు ఉంచడం, ఇలాంటి పళ్ళ కోసమే వచ్చే అదనపు ప్రైమర్ (జిగురుకు ముందు రాసే పూత) వాడటం, వెనక దవడపళ్ళకు అతికించే ట్యూబులకు బదులు చుట్టూ తొడిగే రింగులు వేయడం. మీరు వెళ్ళినప్పుడు "మచ్చలున్న పళ్ళకు వేరే పద్ధతిలో అతికిస్తున్నారా" అని నేరుగా అడగండి. అడగడంలో తప్పేం లేదు.

అలైనర్ల సంగతికొస్తే, తొడుగు పన్నును కప్పుకుని కూర్చుంటుంది కాబట్టి జిగురు అక్కర్లేదు కదా అనిపిస్తుంది. కానీ ఇందాక చెప్పిన బొడిపెలు కూడా ఇదే జిగురుతో అతకాలి, అవీ ఇలాగే ఊడతాయి. పైగా పదో తరగతి పిల్లవాడు, బడి, ట్యూషన్, క్రికెట్, వీటి మధ్య 22 గంటల లెక్క ఎవరు చూస్తారు? బాబు నిజంగా క్రమశిక్షణ గలవాడైతే, ఇరుకు తక్కువైతే ఆలోచించండి. లేదంటే లోహపు క్లిప్పులే, సరైన పద్ధతిలో. పింగాణీ క్లిప్పులు మాత్రం వీడికి వద్దనే చెబుతాను, అవి తీసేటప్పుడు గట్టిగా పట్టుకుని ఉంటాయి, బలహీనమైన ఎనామెల్ పెచ్చు లేచే ప్రమాదం ఉంది.

మచ్చలు చూసి ముందుగానే వెనీర్లు, క్యాపులు వేయిస్తామనుకోకండి. ముందు వరస సరిచేయించండి, ఆ తర్వాత మచ్చల పని. తేలికపాటి మచ్చలు పైపైన అరగదీసి పాలిష్ చేస్తేనే చాలావరకు తగ్గుతాయి. అప్పటిదాకా మొక్కజొన్న కంకి, చెరుకు, బిర్యానీలో బొమికలు ముందు పళ్ళతో కొరకొద్దని చెప్పండి, కంకి తినాలనిపిస్తే గింజలు వలిచి ఇవ్వండి.

ప్రశ్న: నాకు 19 ఏళ్ళు. పై ముందు పళ్ళ మధ్య సందు ఉంది. రెండు పళ్ళకూ కలిపి చిన్న రబ్బరు బ్యాండు వేస్తే నెలలో సందు మూసుకుపోతుందని ఒక వీడియోలో చూశాను. మా ఫ్రెండు వేసుకున్నాడు, దగ్గరికొచ్చాయట. నేనూ వేసుకోవచ్చా? మా నానమ్మ మాత్రం సందు ఉంటే అదృష్టం, ముట్టుకోవద్దంటుంది.
— ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: వద్దు. ఈ ఉత్తరం చదివే సమయానికి ఒకవేళ వేసుకుని ఉంటే ఇప్పుడే తీసేయ్. తీయడానికి చూస్తే బ్యాండు కనపడకపోతే అది చిగురు లోపలికి పోయి ఉండొచ్చు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఎక్స్‌రే తీయించుకో, బ్యాండు వేసుకున్నానని దాచకుండా చెప్పు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, పన్ను ఆకారం ఒకసారి ఊహించుకో. చిగురు దగ్గర వెడల్పుగా ఉండి, వేరు కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. రబ్బరు బ్యాండు ఎప్పుడూ సన్నగా ఉన్న వైపుకే జారుతుంది. మొదట రెండు పళ్ళూ దగ్గరికొచ్చినట్టే ఉంటాయి, అక్కడే మనం మోసపోతాం. ఆ తర్వాత అది చిగురు కిందికి దూరి, వేరు వెంట పైకి పాకుతూ పన్నును పట్టి ఉంచే నారనీ ఎముకనీ తెంపుకుంటూ పోతుంది. చిగురు వాస్తుంది, చీము పడుతుంది, పళ్ళు ఊగుతాయి. ఆరోగ్యంగా ఉన్న రెండు ముందు పళ్ళు ఇలా శాశ్వతంగా పోగొట్టుకున్న పిల్లల కేసులు దంత వైద్య పత్రికల్లో మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉన్నాయి. మీ ఫ్రెండును కూడా ఈ వారంలోనే చూపించుకోమను. నీ మాట వింటాడు, నా మాట కన్నా.

సందు మూయడానికి మంచి దారులు చాలా ఉన్నాయి. పై పెదవినీ చిగురునీ కలిపే కండ మడత కొందరిలో లావుగా పళ్ళ మధ్యకు దిగి ఉంటుంది, అప్పుడు పళ్ళు దగ్గరికి తెచ్చాక దాన్ని చిన్న సర్జరీతో సరిచేయాలి, లేకపోతే సందు మళ్ళీ వస్తుంది. కొందరికి నాలుకతో పళ్ళను ముందుకు తోసే అలవాటు ఉంటుంది. చిన్న సందైతే కొద్ది నెలల అలైనర్లు చాలు, లేదా పన్ను రంగులో ఉండే కాంపోజిట్ అనే అతికించే పదార్థంతో రెండు పళ్ళ అంచులూ కాస్త వెడల్పు చేస్తే ఒక్క పూటలో పని అయిపోతుంది, పన్నును అరగదీయాల్సిన పని కూడా సాధారణంగా ఉండదు. సందు చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉండి, నీకు ఇబ్బంది లేకపోతే, నానమ్మ మాట విని వదిలేసినా ఆరోగ్యానికి ఏ నష్టం లేదు. కానీ ఈమధ్యే కొత్తగా వచ్చినా, పెరుగుతున్నా అది చిగుళ్ళ జబ్బు గుర్తు కావొచ్చు, చూపించుకోవాలి.

ప్రశ్న: నేను వార్తలు చదివే ఉద్యోగంలో ఉన్నాను. కెమెరా ముందు క్లిప్పులు కనపడకూడదు. పళ్ళ వెనక వేసే క్లిప్పులు మంచివా, పింగాణీవి మంచివా?
— ఒక పాఠకురాలు, ఫిల్మ్‌నగర్

జవాబు: మీ పనిలో కనపడటం ఒక్కటే కాదు, వినపడటం కూడా ముఖ్యం. పళ్ళ వెనక వేసే వాటిని లింగ్వల్ బ్రేసెస్ అంటారు, 1970లలో జపాన్‌లో కిన్యా ఫుజితా అనే డాక్టర్ వీటి మీద పనిచేశారు, యుద్ధ కళలు సాధన చేసేవాళ్ళకు ముందువైపు క్లిప్పులు తగిలి పెదవులు తెగుతుంటే ఈ ఆలోచన చేశారు. బయటికి ఏమాత్రం కనపడవు, ఆ మాట నిజం. కానీ త, ద, న, ల, స పలకాలంటే మన నాలుక కొస పోయి తగిలేది సరిగ్గా అక్కడే. మొదటి కొన్ని వారాలు నాలుక కోసుకుపోయినట్టు ఉంటుంది, మాట ముద్దగా వస్తుంది. చాలామందికి తర్వాత అలవాటవుతుంది, కొందరికి "స" మాత్రం పూర్తిగా తేటపడదు. వార్తలు చదివే మనిషికి ఆ కొన్ని వారాలు చాలా పెద్దవి. సెలవు దొరికితే తప్ప ఇది నా మొదటి సలహా కాదు. ఖర్చు కూడా మిగతా అన్నిటికన్నా ఎక్కువ, ఈ పని బాగా చేయగలిగిన డాక్టర్లూ తక్కువే.

పింగాణీ క్లిప్పులు పన్ను రంగులో కలిసిపోతాయి, నాలుగడుగుల దూరం నుంచి తెలియవు. పని కూడా లోహపు వాటిలాగే చేస్తాయి, కాస్త నెమ్మదిగా. వీటితో అసలు చిక్కు మన పసుపు. క్లిప్పు రంగు మారదు, దానిమీద తీగను పట్టి ఉంచే పారదర్శకమైన రబ్బరు రింగు మారుతుంది. ఒక్కపూట పులుసన్నం తినండి, సాయంత్రానికి పళ్ళ మీద వరసగా పచ్చటి చుక్కలు కనపడతాయి. నెలకోసారి రింగులు మార్చినప్పుడు పోతాయి, రెండో రోజుకు మళ్ళీ వస్తాయి. తలుపులాంటి మూతతో తీగను పట్టుకునే సెల్ఫ్ లైగేటింగ్ రకంలో రింగులు ఉండవు కాబట్టి ఈ గొడవ ఉండదు. (వాటితో చికిత్స సగం కాలంలో అయిపోతుందని కూడా ప్రచారం చేస్తారు, పరిశోధనల్లో అది రుజువు కాలేదు, ఆ మాట నమ్మి ఎక్కువ డబ్బు పెట్టకండి.) కింది పళ్ళు పైవాటికి బాగా తగిలే నోరైతే కింద పింగాణీ వేయించుకోకండి, అది పన్నుకన్నా గట్టిది, పై పళ్ళను అరగదీస్తుంది. కెమెరాకు కింది వరస ఎలాగూ తక్కువే కనపడుతుంది.

మీ కేసు అలైనర్లకు సరిపోయేదైతే మాత్రం నేను వాటికే మొగ్గుతాను, బులెటిన్ చదివే ఆ అరగంట తీసి పెట్టుకోవచ్చు. పెట్టుకున్నా వారంలో మాట సర్దుకుంటుంది. ఇంట్లో పెద్దగా పేపరు చదవడం ప్రాక్టీస్ చేయండి.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్ళు. రాత్రిళ్ళు ఇంకా బొటనవేలు చీకుతుంది. పై పళ్ళు ముందుకు వస్తున్నాయి, మధ్యలో సందు కూడా ఉంది. ఇప్పుడే క్లిప్పులు వేయించాలా? పళ్ళన్నీ వచ్చేదాకా ఆగమని చుట్టాలు అంటున్నారు.
— ఒక తల్లి, కొంపల్లి

జవాబు: క్లిప్పులకు ఆగొచ్చు, చూపించడానికి ఆగకండి. ఏడేళ్ళకు ఒకసారి పళ్ళ వరస డాక్టర్‌కు చూపించడం మంచిదని అమెరికన్ ఆర్థోడాంటిస్టుల (పళ్ళ వరస సరిచేసే డాక్టర్ల) సంఘం ఎప్పటినుంచో చెబుతోంది, మన పిల్లలకూ అదే వర్తిస్తుంది.

మధ్య సందు గురించి కంగారు వద్దు. ఈ వయసులో అది చాలామంది పిల్లల్లో ఉంటుంది, పదకొండు పన్నెండేళ్ళకు కోరపళ్ళు దిగినప్పుడు చాలావరకు తనంతట తానే మూసుకుపోతుంది. వేలు చీకడం మాత్రం ఇప్పుడు ఆపించాలి, తిట్టి కాదు, చేదు పూసి కాదు. పాపనే కూర్చోబెట్టి అద్దంలో చూపించండి, రాత్రికి చేతికి మెత్తటి సాక్సు తొడగండి, చీకని రోజుకు క్యాలెండర్ మీద స్టిక్కర్ పెట్టుకోనివ్వండి. అలా కాకపోతే వేలు అంగుడికి ఆనకుండా అడ్డుపడే చిన్న పరికరం పెడతారు. నోరు తెరిచి నిద్రపోతుందా, గురక పెడుతుందా కూడా చూడండి, అలాగైతే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి, ముక్కుతో గాలి ఆడకపోతే పళ్ళు సరిచేసినా నిలవవు.

కింది దవడ వెనకబడి ఉండటం వల్లే పై పళ్ళు ఎత్తుగా కనపడుతున్నట్టయితే దానికి పిల్లల్లో మాత్రమే పనికొచ్చే మంచి దారి ఉంది. ట్విన్ బ్లాక్ అని, తీసి పెట్టుకునే రెండు ప్లేట్లు, వాటితో నోరు మూస్తే కింది దవడ ముందుకు వచ్చి కూర్చుంటుంది. స్కాట్లండ్ డాక్టర్ విలియమ్ క్లార్క్ 1977లో దీన్ని మొదలుపెట్టారు. ఆడపిల్లలకు పది నుంచి పన్నెండేళ్ళ మధ్య, ఎత్తు గబగబా పెరిగే రోజుల్లో ఇది బాగా పనిచేస్తుంది. ఆ కాలం దాటాక ఎంత డబ్బు పెట్టినా ఆ పని మళ్ళీ చేయలేం, అందుకే చుట్టాల మాట విని పద్నాలుగేళ్ళ దాకా కూర్చోవద్దంటున్నాను. పళ్ళు మరీ ఎత్తుగా ఉంటే కింద పడినప్పుడు ముందు పళ్ళు విరిగే ప్రమాదం కూడా ఎక్కువ, అలాంటప్పుడు ఇంకా ముందే మొదలుపెడతారు.

ప్రశ్న: నాకు 48. షుగర్ ఉంది. కింది పళ్ళు ఈ అయిదారేళ్ళలో ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, బ్రష్ చేస్తే రక్తం వస్తుంది. జ్ఞానదంతాలు తోస్తున్నాయా? ఈ వయసులో అలైనర్లు పెట్టుకుంటే నవ్వుతారా?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఎవరూ నవ్వరండీ. పళ్ళు కదలడానికి వయసు అడ్డు కాదు, చిగుళ్ళు, ఎముక బాగుండాలి. మీకు రక్తం వస్తోందంటే ముందు అక్కడ పనుంది. గార తీయించుకోండి, చిగుళ్ళ డాక్టర్‌తో ఎముక ఎంత ఉందో చూపించుకోండి, షుగర్ మూడు నెలల సగటు పరీక్ష చేయించి అదుపులోకి తెచ్చుకోండి. వాపున్న చిగుళ్ళలో పళ్ళను జరిపితే ఎముక ఇంకా పోతుంది. చిగుళ్ళు కుదుటపడ్డాక అలైనర్లు మీకు మంచి దారే, తీసి శుభ్రంగా బ్రష్ చేసుకోవచ్చు కాబట్టి. ఎముకలు గుల్లబారకుండా మందులేమైనా వాడుతుంటే అది తప్పక చెప్పండి.

జ్ఞానదంతాలను నిందించకండి. అవి లేనివాళ్ళకూ వయసుతో కింది పళ్ళు ఇలాగే ఇరుకవుతాయి. ఇరుకు కోసమని మాత్రమే వాటిని పీకించుకోవద్దు.

ప్రశ్న: మావారు ఆటో నడుపుతారు. పెద్దమ్మాయికి పై కోరపన్ను చిగురు లోపలే ఉండిపోయిందట, పళ్ళు బాగా వంకర. లక్ష దాటుతుందని ఒకచోట చెప్పారు. ఇంట్లోనే అచ్చు తీసుకుని పంపితే తక్కువలో అలైనర్లు పంపుతామనే ప్రకటన చూశాం. అది తీసుకోవచ్చా?
— ఒక తల్లి, మలక్‌పేట

జవాబు: తీసుకోవద్దమ్మా, మీ అమ్మాయికి అసలే వద్దు. చిగురు లోపల ఇరుక్కున్న కోరపన్నును బయటికి తేవాలంటే చిగురు తెరిచి, దానికి చిన్న గొలుసు అతికించి, తీగ సాయంతో నెలల తరబడి మెల్లగా లాగాలి. ఎక్స్‌రే తీయకుండా, నోరు చూడకుండా పోస్టులో వచ్చే తొడుగు ఆ పని చేయలేదు, పైగా పక్క పళ్ళ వేళ్ళు పాడవుతాయి. అమెరికాలో ఇలా నేరుగా ఇంటికి అలైనర్లు పంపిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ అనే పెద్ద కంపెనీ 2023 డిసెంబరులో మూతపడింది, చికిత్స మధ్యలో ఉన్నవాళ్ళు నడిమధ్యలో ఆగిపోయారు. మనిషి ఎదురుగా లేని వైద్యంలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

మీకు మంచి మార్గం దగ్గర్లోనే ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అందులో ఆర్థోడాంటిక్స్ విభాగం ఉంది. అక్కడ పీజీ చేస్తున్న డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. ప్రైవేటు క్లినిక్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, రద్దీ ఎక్కువ, ఓపికతో వెళ్ళాలి. నగరంలోని ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా క్లినిక్‌ల కన్నా తక్కువకే చేస్తారు. లోహపు క్లిప్పులు వేస్తారు, మీ అమ్మాయి పంటికి కావాల్సిందీ అవే. అవి తక్కువ ధరవి కాబట్టి తక్కువ రకం అనుకోకండి, ఇంత కష్టమైన కేసుకు ఇప్పటికీ వాటిని మించినవి లేవు.

ఎక్కడికి వెళ్ళినా ఇవి అడగండి: చేసేవారు బీడీఎస్ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేశారా, ఎక్స్‌రేలు, చివర్లో పళ్ళు మళ్ళీ జరగకుండా ఇచ్చే రిటైనర్లు చెప్పిన ధరలో ఉన్నాయా, మధ్యలో క్లిప్పు ఊడితే మళ్ళీ డబ్బు కట్టాలా, వాయిదాల్లో కట్టొచ్చా. అలైనర్లు తీసుకునేవాళ్ళు ఇంకోటి కూడా అడగాలి, అనుకున్నట్టు రాకపోతే అదనంగా చేసే సెట్లకు మళ్ళీ డబ్బు అడుగుతారా అని. కంప్యూటర్ తెర మీద చూపించే త్రీడీ బొమ్మ ప్లాన్ మాత్రమే, హామీ కాదు. రేటు ముందే కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: పదిహేడేళ్ళకు క్లిప్పులు తీశారు. ఇప్పుడు 24. రిటైనర్ మొదటి ఏడాది పెట్టుకుని మానేశాను. ముందు పన్ను ఒకటి మళ్ళీ తిరిగింది. మొత్తం మొదటినుంచి చేయించుకోవాలా?
— ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: అక్కర్లేకపోవచ్చు. ఒకటి రెండు పళ్ళు కొంచెం తిరిగితే కొన్ని సెట్ల అలైనర్లతోనే సర్దుకుంటుంది. పాత రిటైనర్ ఇంకా ఉంటే ఒకసారి మెల్లగా పెట్టి చూడండి. బిగుతుగా ఉన్నా పూర్తిగా కూర్చుంటే రోజూ రాత్రి పెట్టుకోండి, పన్ను ఇంకా జరగకుండా ఆగుతుంది. సగంలోనే ఆగిపోతే బలవంతంగా నొక్కకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మీలాంటివాళ్ళు చాలామంది రాశారు, ఎవరినీ తప్పుపట్టను, చికిత్స చివర్లో ఈ సంగతి తగినంత గట్టిగా చెప్పేవాళ్ళు తక్కువ. పన్ను జరిగాక ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది, చిగుళ్ళలోని నారపోగులు అంతకన్నా ఎక్కువ కాలం పన్నును పాత చోటికి లాగుతూనే ఉంటాయి. అందుకే మొదటి ఆరు నెలలూ దాదాపు రోజంతా, ఆ తర్వాత రాత్రిళ్ళు, నిజం చెప్పాలంటే వరస అలాగే ఉండాలనుకున్నంత కాలం. ఈసారి సరిచేయించాక పళ్ళ వెనక సన్నని తీగ అతికించమని అడగండి, తీసి పెట్టుకునే పని ఉండదు. దాని కింద గార పట్టకుండా రోజూ దారంతో శుభ్రం చేసుకోవాలి. ఒక పన్ను దగ్గర తీగ ఊడినా ఆ పన్ను మళ్ళీ జరుగుతుంది, కాబట్టి నాలుక తగిలినప్పుడు వదులుగా అనిపిస్తే ఆ వారమే వెళ్ళి అతికించుకోండి.